మొదటిరోజు కూలి

జయమణి వీపు మీద ఎడమ రెక్క కిందనుంచి నడుము దాకా ఒక మచ్చ ఉంది. ట్రాక్టరు బెల్టు దెబ్బ అది. మిరప కోతల్లో చెమట పట్టినప్పుడల్లా దురద పెడుతుంది. దురద పెట్టినప్పుడల్లా ఆమెకు నందిగామ అవతలి రైతు ఒకడు గుర్తొస్తాడు.

ఆ రైతు మంచివాడిలాగే కనపడ్డాడు. మొదటిరోజు పొద్దు గుంకకముందే గట్టు మీద నిలబడి కూలి చేతిలో పెట్టాడు. టీలు తెప్పించాడు, బజ్జీలు తెప్పించాడు. అది చూసి జయమణి మర్నాడు వత్సవాయి పక్కనున్న తమ ఊరినుంచి ఆడకూలీల ముఠా మొత్తాన్ని ట్రక్కులో ఎక్కించుకుపోయింది. ముఠాకి ఆమే మేస్త్రి. ఆ తరవాత కూలి రోజునుంచి వారానికి, వారంనుంచి కాయ అమ్మినదాకా జరుగుతూ పోయింది. రేపటినుంచి మేం రాం, లెక్క తేల్చమని ఆమె అడిగిన సాయంత్రం ఆ మనిషి కల్లం గేటుకి తాళం వేసి బెల్టు పట్టుకొచ్చాడు. మొదటి దెబ్బ జయమణికే పడింది. రెండోది పడబోతుంటే ఆమె వాడి మణికట్టు అందుకుని కొరికింది. పళ్ళు ఎముకకి తగిలేదాకా వదల్లేదు. పెద్దమనుషులు కూర్చుని ఇప్పించింది సగం కూలి. నోట్లో ఆ నెత్తురు రుచి మాత్రం వారం రోజులు ఉండిపోయింది.

అప్పటినుంచి ముఠాకి రెండు కట్టుబాట్లు. కొత్త రైతు దగ్గరికి మొదటిరోజు ఇద్దరు ముసలివాళ్ళే వెళ్ళాలి. పొద్దు గుంకేలోగా కూలి చేతిలో పడితేనే మర్నాడు మిగతావాళ్ళు కదలాలి. ఇక రెండోది. పని మంచి ఊపులో ఉన్నప్పుడు, మానే ఉద్దేశం లేకపోయినా సరే, రేపటినుంచి రామని రైతుతో ఒకసారి అనిచూడాలి. మంచివాడు సణుక్కుంటాడు, తిడతాడు, చివరికి లెక్క తేలుస్తాడు. చెడ్డవాడి చెయ్యి ముందు గేటు మీదికి పోతుంది. మొదటి కట్టుబాటు అందరికీ గుర్తుంటుంది. రెండోది, రోజులు బాగా గడుస్తున్నప్పుడు ఎవరికీ గుర్తుండదు.

జయమణి మొగుడు సొలొమోను సున్నపురాయి గనిలో పనిచేసేవాడు. పోయిన వానాకాలం గని గోడ విరిగి అతని మీద పడింది. శవాన్ని టార్పాలిన్ పట్టాలో చుట్టి తెచ్చారు. ముఖం చూపించమని ఆమె పట్టా లాగబోతే నలుగురు మగవాళ్ళు ఆమె చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. తరవాత గనివాళ్ళిచ్చిన పరిహారం బ్యాంకులో ఆమె పేరు మీద పడింది.

ఆ డబ్బు మీద ఆమెకు ఒకటే ఆశ. డొంక పక్కన భవానీప్రసాద్ గారి ఎకరం. చిన్నప్పటినుంచి ఆ చేలో కలుపు తీసింది, కాయ కోసింది. కూతురు మహిమని కనే రోజున నొప్పులొచ్చి ఆ గట్టు మీదే కూలబడింది. ఎంత కోసినా సాయంత్రానికి గట్టెక్కి వచ్చెయ్యాల్సిన చేను అది. ఇప్పుడు భవానీప్రసాద్ దాన్ని అమ్మకానికి పెట్టాడు. ఆమె దగ్గరున్నది ధరలో మూడింట రెండు వంతులకి వస్తుంది. ముక్కలు చేసి అమ్మనని ఆయన కచ్చితంగా చెప్పాడు. ఉగాది దాకా చూస్తానని కూడా ఆయనే అన్నాడు.

ఆ తగ్గినది నేను పూడుస్తానంటూ వచ్చాడు ఏలీయా, సొలొమోను తమ్ముడు.

ఏలీయా చేతులు మాటకన్నా ముందు లేస్తాయి. చిల్లర దగ్గర గొడవపడి ఒకసారి వత్సవాయి బస్సులో కండక్టరు ముందు పళ్ళు రాల్చాడు. పెళ్ళాం అతని దెబ్బలకి తాళలేక పిల్లనెత్తుకుని రెడ్డిగూడెంలో పుట్టింటికి పోయింది. అతన్ని ఆపగలిగిన మనిషి ఒక్క సొలొమోనే. ఒరే అన్నాడంటే ఎత్తిన చెయ్యి దించేవాడు. ఇప్పుడు ఒరే అనేవాళ్ళు లేరు.

అతను ఆటో అమ్మేసి, ఆ డబ్బు ఫోన్లో ఒక యాప్‌లో పెట్టానని చెప్పాడు. షేర్లు కొని అమ్మే యాప్. పేరు లాభరేఖ. నందిగామలో సతీష్‌బాబు అనే ఆయన దానికి ఏజెంటు. తెర మీద పచ్చటి అంకె చూపించి, పెట్టినదానికి ఇప్పటికే రెట్టింపు దాటిందన్నాడు. వదిన డబ్బు కూడా అందులో వేస్తే ఉగాదిలోగా ఎకరం ఆమెదేనట. పైగా అది మా అన్న నెత్తురు డబ్బు, అందులో నాకూ మాట ఉంది అని గట్టిగానే అన్నాడు.

అందులోంచి రూపాయన్నా బయటికి తీశావా అని జయమణి అడిగింది. ఏలీయా నవ్వాడు. పెరిగే పైరుని ఎవరన్నా మధ్యలో పీకుతారా అన్నాడు. ఆ నవ్వు కొంచెం ముందుగా ఆగిపోయింది. అది ఆమె చూసింది గానీ, కళ్ళలో ఎకరం ఉన్న మనిషికి అది మనసులో నిలబడలేదు.

అయినా చూడకుండా దిగే మనిషి కాదామె. ముందు పరీక్ష చెయ్యాలంది. ఆ యాప్‌లో అసలు డబ్బు పెట్టకుండా ఉత్తుత్తి డబ్బుతో ఆడి చూసుకునే వీలుందని ఏలీయాయే చెప్పాడు. ఆ పని మహిమకి అప్పగించింది. మహిమ నందిగామలో డిగ్రీ చదువుతోంది. బస్సులో పోతూ వస్తూ ఉత్తుత్తి లక్షతో కొనడం, అమ్మడం మొదలుపెట్టింది. కొన్నదల్లా పెరిగింది. పడేదాన్ని కావాలని కొని చూసింది. అదీ పెరిగింది. క్లాసులో స్నేహితురాలి ఫోన్లో అదే షేరు ధర తగ్గుతుంటే తన ఫోన్లో ఎక్కుతోంది.

"తాలు కాయ లేని కల్లం ఎక్కడుంటదమ్మా?" అని మహిమ ఆ సాయంత్రం తల్లితో అంది. "ఎంత మంచి చేలో అయినా తెల్లబోయిన కాయలు గంపెడు ఏరతావుగా. దీంట్లో ఒక్కటి లేదు."

అంతేకాదు. ఈ యాప్ ఫోన్లో అందరూ దింపుకునే చోట లేదు, సతీష్‌బాబు పంపిన లింకు నొక్కితేనే దిగింది. బ్రోకరన్నవాడికి ప్రభుత్వం దగ్గర రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుందని, అది అడిగి సరిచూసుకొమ్మని మహిమకి కామర్సు లెక్చరర్ చెప్పాడు. బాబాయ్, ఆ నంబరు ఏది అని మహిమ అడిగింది.

ఏలీయా గుమ్మంలో కూర్చుని అన్నం తింటున్నాడు. ఎంగిలి చేత్తోనే లాగిపెట్టి కొట్టాడు. మహిమ తల తలుపు చెక్కకి తగిలింది. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది. పొయ్యి దగ్గరున్న జయమణి కాలుతున్న కట్టె లాగి అతని భుజం మీద వేసింది. చొక్కా అంటుకుని చర్మం కాలిన వాసన వచ్చింది. ఏలీయా కట్టెని చేత్తోనే పట్టి విసిరేశాడు. ఒక క్షణం వదిన గొంతు మీద చూపు నిలిపి, తరవాత పళ్ళెం తన్నేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు అతనే వచ్చి గోడకేసి చూస్తూ తప్పయిందన్నాడు. ఒక కాగితం మీద నంబరు తెచ్చాడు. మహిమ చూసి, ఇది వేరే ఎవరిదో కంపెనీ పేరు మీద ఉందంది. సతీష్‌బాబుని అడిగితే అది తమ తల్లి కంపెనీ అని చెప్పాడట.

ఇక్కడే జయమణి పొరపాటు పడింది. కూతురు చెప్పిన నంబర్లు ఆమెకు గాలిలో మాటల్లా ఉన్నాయి. చేతికి తగిలేది ఆమెకు ఒకటే తెలుసు. పొద్దు గుంకేలోగా కూలి ఇస్తాడా, ఇవ్వడా. యాప్‌ని కూడా కొత్త రైతుని చూసినట్టే చూద్దామనుకుంది. చిన్న డబ్బు పంపి, అది తిరిగొస్తే మిగతాది కదిలించడం.

ముగ్గురూ కలిసి నందిగామ వెళ్ళారు. పురుగుమందుల షాపు పైన మేడ మీద గది. సతీష్‌బాబు ఇస్త్రీ చొక్కాలో లేచి నిలబడి, రండి మేడమ్ అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆమెనెవరూ అలా పిలవలేదు. కూల్‌డ్రింకులు తెప్పించాడు. చల్లటి సీసా పట్టుకుంటే మిరప మంటతో ఉడికిపోయే ఆమె చేతులకి హాయిగా అనిపించింది. మహిమ సీసా ముట్టలేదు.

డబ్బు పంపడానికి జయమణి బొటనవేలు ఫోను మీద పెడితే తీసుకోలేదు. కోతల రోజుల్లో ఎప్పుడూ అంతే. తొడిమలు ఒలిచి ఒలిచి, ఘాటుకి చర్మం ఊడి వేళ్ళు నున్నగా అయిపోతాయి. గీతలు ఉండవు. ఆమెకు మాత్రమే తెలిసిన అంకెలు నొక్కి అయిదు వేలు పంపింది. మర్నాడు అవి తీసెయ్యమని మహిమ చేత నొక్కించింది. పొద్దు గుంకకముందే బ్యాంకులో పడ్డాయి, పైన ఇంకొంత కలుపుకుని.

జయమణి గుండె చేనంత అయింది. భవానీప్రసాద్‌కి ఫోను చేసి కాగితాలు సిద్ధం చేసుకోమంది. సోమవారం మొత్తం వేసేద్దామని ఏలీయాతో అంది. మహిమ ఆ రాత్రి తల్లితో మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంది.

సోమవారం కల్లంలో పని. కోసిన కాయ ఎర్రగా ఎండుతోంది. ముఠాలో పెద్దది రోజారమణి తాలు ఏరుతూ, ఒక ఎకరం ఆసామివి కాబోతున్నావు, మాకు మొదటిరోజు బజ్జీలు పెట్టిస్తావా లేదా అని వేళాకోళమాడింది. అందరూ నవ్వారు.

"బెల్టు వాడు కూడా పెట్టించాడు కదే" అంది రోజారమణి, నవ్వుతూనే. "నూనె కారే బజ్జీలు. ఇప్పటికీ నాకు వాటి రుచి నోట్లోనే ఉంది."

జయమణి వీపు మీద మచ్చ మండింది. చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. చల్లటి కూల్‌డ్రింకు సీసా గుర్తొచ్చింది. కూలి మొదటిరోజు ఇచ్చినవాడు మంచివాడే కానక్కర్లేదు. ముఠా మొత్తం రావాలనుకున్నవాడు కూడా మొదటిరోజు ఇస్తాడు. రెండో కట్టుబాటు తను అసలు చూడనేలేదు.

అంతలో ఏలీయా బండి దిగాడు. బ్యాంకుకి పోనక్కర్లేదు, ఫోన్లోనే అయిపోతుంది, తియ్యి అన్నాడు. జయమణి బొడ్లో ఉన్న ఫోను మీద చెయ్యి వేసి, కల్లం చివర పట్టాల దగ్గరికి నడిచింది. అతను వెనకే వచ్చాడు. మిగతావాళ్ళు అవతలి చివర ఉన్నారు.

"నువ్వు పెట్టిందంతా ఇప్పుడు తియ్యి ఏలీయా. నా కళ్ళముందు నీ బ్యాంకులో పడనీ. పడిన మరుక్షణం నాదంతా వేస్తా."

"పెరిగేదాన్ని తియ్యమంటావేంటి వదినా."

"పోనీ సగం."

"మధ్యలో తీస్తే కటింగు ఉంటది."

"కోసుకోమను. పావు తియ్యి."

"ఇప్పుడు కుదరదన్నాగా."

"నీ ఆటో టైరు డబ్బులు. ఒక్క టైరు."

ఏలీయా పిడికిలి ఆమె చెంప ఎముక మీద పడింది. ఆకాశం ఒక్కసారి తెల్లబోయింది. కిందపడుతూనే జయమణికి తెలిసిపోయింది. చెయ్యి గేటు మీదికి పోయింది. ఇంక ఆ యాప్ గురించి తెలుసుకోవాల్సింది ఏమీ లేదు.

అతను ఆమె కడుపు మీద మోకాలు మోపి ఫోను లాక్కున్నాడు. కుడి బొటనవేలు తెర మీద అదిమాడు. తెరుచుకోలేదు. ఉమ్మితో తడిపి, చొక్కాకి తుడిచి మళ్ళీ అదిమాడు. లేదు. ఎడమ బొటనవేలు పట్టుకున్నాడు. ఆమె గుప్పిట బిగించింది. అతను వేలిని వెనక్కి వంచాడు. ఎండిన కంది పుల్ల విరిచినట్టు చప్పుడై, చర్మం చిట్లింది. జయమణికి అరుపు రాలేదు, ఊపిరే రాలేదు. విరిగిన ఆ వేలిని కూడా తెర మీద పెట్టి చూశాడు.

అంకెలు చెప్పు అన్నాడు. ఆమె ఉమ్మింది. నెత్తురు కలిసిన ఉమ్ము అతని మెడ మీద పడింది.

ఏలీయా ఆమె కొప్పు పట్టుకుని ముఖాన్ని మిరపరాశిలో కుక్కాడు. ఎండిన కాయలు ఆమె ముఖం కింద పెళపెళ విరిగాయి. గింజలు ముక్కులోకి, కళ్ళలోకి, చిట్లిన చెంపలోకి పోయాయి. లేపి, చెప్పు అన్నాడు. మళ్ళీ కుక్కాడు. లేపాడు. ఆమె దగ్గుతూ, కారుతూ, ఎకరం అంది. ఏం చెబుతున్నావో అర్థం కావట్లేదన్నాడు. నా ఎకరం, అని మళ్ళీ అంది.

దగ్గు విని అవతలివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ముందు వచ్చింది రోజారమణి. ఆ వయసులో ఆమె ఎలా పరిగెత్తిందో ఎవరికీ తెలియదు. తాలు బస్తా అడుగున పేరుకున్న ఎర్రటి పొడి రెండు దోసిళ్ళతో తీసి, ఏలీయా తలెత్తినప్పుడు తెరిచిన కళ్ళలోకి కొట్టింది. అతను గాలిని గుద్దుతూ లేచాడు. తక్కినవాళ్ళు కాయ తిరగేసే కర్రలతో పడ్డారు. కాళ్ళ మీద, వీపు మీద, అడ్డం పెట్టిన చేతుల మీద కొట్టారు. నువ్వు రాల్చిన పళ్ళకి, నీ పెళ్ళానికి, మహిమ పెదవికి అని ఒక్కో దెబ్బకి ఒక్కో పేరు చెప్పి మరీ కొట్టారు. జయమణికి కళ్ళు కనపడటంలేదు. కర్ర కండ మీద పడే చప్పుడు మాత్రం వినపడుతోంది. ఆ చప్పుడు ఆమెకు బాగుంది. బాగుండటం తెలుస్తూనే ఉంది. ఇంకో నాలుగు పడనిచ్చి, అప్పుడు చాలంది.

ఇద్దరి ముఖాల మీదా బిందెడేసి నీళ్ళు పోశారు. ఏలీయా బురదలో మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు నలుపుకుంటూ, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ నిజం చెప్పాడు. సంక్రాంతి ముందునుంచే అతను తన డబ్బు తియ్యాలని చూస్తున్నాడు. ముందు పన్ను కట్టమన్నారు. కట్టాడు. తరవాత ఖాతాకి తాళం పడిందన్నారు.

"కొత్త మనిషిని తెస్తేనే నాది వదుల్తానన్నాడు వదినా. పెద్ద మొత్తమైతే వెంటనే అన్నాడు. మాది... నీది చూపించాను."

జయమణి విరిగిన వేలిని పమిట చెంగు చింపి చుట్టించుకుంది. ట్రక్కు తియ్యమంది. కూలి ఎగ్గొట్టిన రైతు ఇంటికి ముఠా ఎలా పోతుందో అలాగే పోవాలంది. కర్రలు పట్టుకున్నారు. ఏలీయాని కూడా ఎక్కించారు. అతని కళ్ళు రేగుపళ్ళలా ఉబ్బి మూసుకుపోయాయి. వదిన చెయ్యి పట్టుకుంటేనే నడవగలుగుతున్నాడు. ఆమె పట్టుకోనిచ్చింది.

మేడ మీద గదిలో సతీష్‌బాబు ఉన్నాడు, ఒక్కడే కాదు. బల్ల ముందు కుర్చీలో భవానీప్రసాద్ కూర్చుని ఉన్నాడు. చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయింది. ఆయన పొద్దుటినుంచి తన డబ్బు అడుగుతూ అక్కడే ఉన్నాడని, ఎకరం అమ్మితే వచ్చేది కూడా ఇందులోనే వేస్తానని మాటిచ్చి ఉన్నాడని ఆ తరవాత తెలిసింది. జయమణి ముఖం చూసి ఆయన లేచి గోడకి ఆనుకున్నాడు.

రండి మేడమ్ అన్నాడు సతీష్‌బాబు. ముఖానికి ఏమైందని అడగలేదు. జయమణి గుడ్డ చుట్టిన చేతిని గాజు బల్ల మీద పెట్టింది. గుడ్డలోంచి నెత్తురు ఊరి గాజు మీద మచ్చ పడింది.

"మా మరిది డబ్బు ఇచ్చెయ్యండి. రేపటినుంచి మేం రాం."

అది ఆటోమేటిగ్గా జరిగేది, నా చేతిలో ఉండదు అని అతను మొదలుపెట్టాడు. సర్వరు అన్నాడు, పై ఆఫీసు అన్నాడు. తరవాత, మీ అందరి మీదా కేసు పెడతానన్నాడు. మెట్ల దగ్గర నిలబడ్డ అతని మనుషులిద్దరు ఆడవాళ్ళని కిందికి తొయ్యడం మొదలుపెట్టారు. రోజారమణి తలుపు పట్టుకుని వేలాడింది. ఒకడు ఆమె వేళ్ళ మీద బూటుతో తొక్కాడు. ఆమె మెట్ల మీద దొర్లి మలుపు దగ్గర గోడకి కొట్టుకుని పడింది. తుంటి విరిగిన చప్పుడు పైదాకా వినపడింది.

ఏలీయా మూసుకుపోయిన కళ్ళతో అటూ ఇటూ తల తిప్పాడు. జయమణి చెవి దగ్గరికి వంగి నెమ్మదిగా అడిగాడు.

"వాడెక్కడున్నాడు వదినా?"

సతీష్‌బాబు మూడడుగుల దూరంలో, కుడిపక్కన ఉన్నాడు. ఒక్క మాట చాలు. జయమణికి ఆ మాట నాలుక మీదే ఉంది. చెప్తే ఇతను చంపేస్తాడు. ఒకసారి నెత్తురు మొదలయితే అది పోలీసులకి, వకీళ్ళకి, కోర్టుకి పోతుంది. ఎకరం కూడా దాని వెంటే పోతుంది. ఆమె పెదాలు బిగించింది. మరిది చెయ్యి వదల్లేదు.

"ఆ గుడ్డోణ్ణి కూడా కిందికి దొర్లించండ్రా" అన్నాడు సతీష్‌బాబు.

ఏలీయా గొంతు వచ్చిన వైపు తిరిగాడు. జయమణి చేతిలోంచి అతని చెయ్యి సబ్బుముక్కలా జారిపోయింది. గాజు బల్లనీ సతీష్‌బాబునీ కలిపి గోడకి తోసేశాడు. గాజు పగిలి ఇద్దరి మీదా పడింది. పట్టు దొరికాక అతనికి కళ్ళతో పనిలేకపోయింది. ఎడమచేత్తో ముఖం ఎక్కడుందో తడుముకుంటూ, కుడిచేత్తో అక్కడే కొట్టాడు. దవడ విరిగింది. అయినా కొట్టాడు. నా ఆటో అన్నాడు. మా అన్న అన్నాడు. మెట్ల దగ్గరి మనుషులు వెనకనుంచి ఇనపకుర్చీతో అతని తల మీద మోదారు. ఒక గాజు పెచ్చు ఎడమ కంట్లో దిగింది. అప్పటికీ అతను వదల్లేదు. చివరికి జయమణే అతని వీపు మీద పడి, చెవి దగ్గర నోరు పెట్టి ఒరే అంది. సొలొమోను అన్నట్టే అంది. ఎత్తిన చెయ్యి గాలిలో ఆగింది. కిందికి దిగింది.

పోలీసులు వచ్చారు. పురుగుమందుల షాపు ముందు జనం మూగారు. బల్ల సొరుగులోంచి ఒక అట్టపెట్టె నిండా ఫోన్లు దొరికాయి. అందరికీ అన్నీ ఎక్కుతున్నట్టు చూపించే అంకెలు అక్కడినుంచే కొట్టేవాళ్ళట. డబ్బు మాత్రం ఎక్కడా దొరకలేదు. సతీష్‌బాబు విరిగిన దవడకి తీగలు వేయించుకుని ఆసుపత్రినుంచే జైలుకి పోయాడు. ఏలీయా మీదా కేసు పడింది. రోజారమణి మంచాన పడింది.

ఉగాది దగ్గర పడేసరికి భవానీప్రసాద్ తనే కల్లం దాకా వచ్చాడు. నిలబడే మాట కదిపాడు. ఆయన పెట్టింది పోయింది, చుట్టూ అప్పులవాళ్ళు. ఆ ముక్కకి వేరే బేరం రావడంలేదు. ఉన్నంతకే రాసిస్తానన్నాడు. డొంకవైపు మూడింట రెండు వంతులు ఆమెకి, మిగిలింది ఆయనే ఉంచుకుంటాడు. జయమణి తల ఊపి, కొలత తాడు పట్టుకునేది మా మహిమ అంది.

జగ్గయ్యపేట రిజిస్ట్రారు ఆఫీసులో ఆ రోజు రద్దీ. సాక్షులు ఇద్దరు కావాలి. ఒకరు ముఠాలోని మనిషి. రెండోవాడు ఏలీయా. బెయిలు మీద బయటికొచ్చిన అతన్ని జయమణే కబురుపెట్టి పిలిపించింది. ఎడమ కంటికి తెల్లటి గుడ్డ కట్టి ఉంది. ఆ కన్ను ఇక రాదని డాక్టర్లు చెప్పేశారు. అతను మహిమ పక్కకి రాబోతే మహిమ లేచి అవతలి బల్ల మీద కూర్చుంది.

అతను పెన్ను కోసం చెయ్యి చాపాడు. జయమణి మోచెయ్యి తనంతట తనే లేచి ముఖానికి అడ్డం పడింది. చుట్టూ ఉన్నవాళ్ళు చూశారు. ఏలీయా చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆమె మోచెయ్యి దించి, పెన్ను బల్ల మీద దొర్లించింది.

"పెట్టు. రేపు అన్న నెత్తురు డబ్బులో నాకూ మాట ఉందని నువ్వు నా గట్టెక్కకూడదు."

అతను కాగితానికి ముఖం బాగా దగ్గరగా పెట్టి, ఒక్కో అక్షరం తడుముకుంటూ సంతకం చేశాడు.

తరవాత గుమాస్తా చిన్న యంత్రం ముందుకు జరిపి, ఎడమ బొటనవేలు పెట్టమ్మా అన్నాడు. ఎడమ వేలికి ఇంకా గుడ్డ ఉంది. కుడి వేలు పెట్టింది. ఎర్ర దీపం వెలిగింది. పక్క వేలు పెట్టమన్నాడు. ఎర్ర దీపమే. కడుక్కుని రమ్మన్నాడు. కడుక్కుని, తుడుచుకుని వచ్చింది. మిరప వేళ్ళు, కడిగితే గీతలు వస్తాయా. వెనకనున్నవాళ్ళు విసుక్కున్నారు. ఇలా అయితే ఈ రోజుకి కాదని గుమాస్తా కాగితాలు పక్కకి నెట్టబోయాడు.

జయమణి పళ్ళతో ముడి విప్పి ఎడమ బొటనవేలి గుడ్డ ఊడదీసింది. ఎముక సరిగా అతుక్కోక వేలు బయటికి వంకర తిరిగింది. ఏలీయా తన ఒంటికన్నుతో దాన్ని చూశాడు. విరిగిన రోజునుంచి ఆ వేలు మిరపకాయ ముట్టలేదు. కట్టు కింద కొత్త చర్మం పుట్టింది. దాని మీద సన్నటి గీతలు, చంటిపిల్ల వేలి మీద ఉన్నట్టు, తేటగా ఉన్నాయి.

వంచితే ఇప్పటికీ ప్రాణం పోతుంది. ఆమె వంచి, యంత్రం మీద పెట్టి, గట్టిగా నొక్కింది.

పచ్చ దీపం వెలిగింది. తెర మీద పచ్చ రంగు చూడగానే జయమణి ఒక్క క్షణం దాన్ని నమ్మలేదు. గుమాస్తా ముద్ర గుద్ది కాగితం చేతిలో పెట్టేదాకా వేలు తియ్యలేదు.